పడమటి గోడకు పలకలు తొడిగే ముందు

సిరుగుప్ప వైపు నుంచి ఒక సోదరి మన శీర్షికకు ఉత్తరం వ్రాశారు. కొడుకూ కోడలూ టెక్సాస్‌లో ఉంటే ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చారట. అక్కడి ఇళ్ల బయటి గోడలకు, రంగు వేసిన పలకలు ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేట్టు వరుసగా బిగించి ఉండటం ఆమెకు బాగా నచ్చింది. సున్నం కొట్టే పని లేదు, పెళ్లలు ఊడే బాధ లేదు. తమ మిద్దె మీది గదికి పడమటి గోడ సాయంత్రం ఐదింటికి చెయ్యి పెట్టలేనంతగా కాలుతోందనీ, అక్కడ ఆ పలకలు వేయించవచ్చా అనీ అడిగారు. ఇంటాయన మాత్రం అవి సిమెంటు రేకులే కదా, గోడకు రేకులు కొట్టిస్తావా అని నవ్వుతున్నారట.

ఇంటాయన మాటలో సగం నిజముంది. ఆ సగమే ముందు చెప్పుకోవాలి.

సిమెంటులో నారను కలిపి పలుచని పలకలుగా చేసే పద్ధతిని 1900 ప్రాంతంలో ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాట్‌షెక్ కనిపెట్టాడు. ఆయన కలిపిన నార ఆస్బెస్టాస్. హైదరాబాదు చార్మినార్ రేకులు మొదలుకొని మన పశువుల కొట్టాల మీద, బడుల మీద పరిచిన సిమెంటు రేకులన్నీ ఆ వంశానివే. ఆస్బెస్టాస్ నార కంటికి కనిపించనంత సన్నగా చీలి ఊపిరితిత్తుల్లో దిగబడుతుంది, ముప్పై నలభై ఏళ్ల తర్వాత క్యాన్సరుగా బయటపడవచ్చు. అందుకే 1995 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య వివరాలను పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని ఆదేశించింది. అమెరికా 2024లో మిగిలిన తెల్ల ఆస్బెస్టాస్‌ను కూడా నిషేధించింది. మన దేశంలో ఆ రేకులు ఇప్పటికీ అమ్ముతున్నారు.

సోదరి టెక్సాస్‌లో చూసిన పలక ఆ వంశంలోదే అయినా వేరే శాఖ. 1980లలో ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హార్డీ కంపెనీ ఆస్బెస్టాస్‌ను మానేసి కాగితానికి వాడే కొయ్య నారను సిమెంటులో, సన్న ఇసుక పిండిలో కలిపింది. పలకలను ఆవిరి ఒత్తిడిలో పదును చేస్తారు. కొన్నింటికి ఫ్యాక్టరీలోనే రంగు వేసి, వేడిలో ఆరబెట్టి పంపుతారు. మన అంగళ్లలో వీటినే ఫైబర్ సిమెంట్ బోర్డులంటారు. చిక్కేమిటంటే రెండు రకాలూ చేసే కంపెనీలు మన దేశంలో ఉన్నాయి, అంగట్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. కనుక ఆస్బెస్టాస్ లేనిదని కాగితం మీద చూపించమనండి. ఐ.ఎస్. 14862 అనే ముద్ర, అందులోనూ ఎండావానలకు తట్టుకునే ‘టైపు ఎ’ అని ఉందా చూడండి. ‘టైపు బి’ ఇంటి లోపలి పనులకు. చవగ్గా ఇస్తామని దాన్నే బయట గోడకు అంటగట్టే వాళ్లుంటారు.

ఇక వేడి సంగతి. 1953లో జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు పోయాయి, బళ్లారి మైసూరు వైపు వచ్చింది, ఎండను మాత్రం ఎవరూ పంచలేకపోయారు! బళ్లారి 15 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాబట్టి ఆ రోజుల్లో దక్షిణపు గోడకు పెద్దగా ఎండ తగలదు. కప్పు రోజంతా కాలుతుంది, సాయంత్రం పడమటి గోడ కాలుతుంది. మన పెద్దల మట్టి మిద్దెల్లో రెండడుగుల గోడ, పైన చౌడు మట్టి ఆ వేడిని లోపలికి రానిచ్చేవి కావు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు అంత ఓపిక లేదు. పగలు తిన్న వేడిని రాత్రి మనం పడుకున్నాక గదిలోకి వదులుతుంది.

8 మిల్లీమీటర్ల పలక ఆ వేడిని ఆపుతుందా? ఒంటరిగా ఆపలేదు. పలకను గోడకు అంటించి బిగిస్తే డబ్బు దండగ. ఆపేది పలక వెనక ఉన్న ఖాళీ. గోడకూ పలకకూ మధ్య ఒకటి రెండంగుళాల సందు వదిలి, కిందా పైనా తెరిచి ఉంచితే పలక ఎండను తాను కాస్తుంది, వెనకనున్న గాలి వేడెక్కి పైకి పోతుంది, కింద నుంచి చల్లగాలి వస్తుంది. గోడ నీడలో ఉన్నట్టే లెక్క. అమెరికాలో కొయ్య చట్రపు ఇంటిని వాన నుంచి కాపాడే చర్మంగా దాన్ని వాడతారు. ఏడాదికి 500 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే మన ఊళ్లో అది గోడకు పట్టిన గొడుగు. ఒకే సరుకు, పని వేరు.

ఈ తేడా తెలియని పనివాడు పట్టీలను అడ్డంగా కొడతాడు. అడ్డం పట్టీ గాలికి అడ్డు. జింకు పూసిన ఇనుప పట్టీలను నిలువుగా, అడుగున్నర నుంచి రెండడుగులకు ఒకటి చొప్పున, పూత మీద కాక ఇటుకలో దిగేట్టు బోల్టులతో బిగించాలి. కొయ్య పట్టీలు వద్దు, చెదలున్నాయి. ఆషాఢ గాలి మేడ మీద ఎలా కొడుతుందో మీకు తెలుసు, బోల్టుల దగ్గర పొదుపు చేయకండి. కింది తెరుపుకూ పై తెరుపుకూ సన్న జాలీ తప్పనిసరి. లేకపోతే ఆ సందు తేళ్లకూ ఎలుకలకూ సత్రమవుతుంది. అన్నిటికంటే ముందు గోడలో చెమ్మ ఉంటే, గొట్టం కారుతుంటే బాగుచేయించండి. పలక కప్పిన తర్వాత అది కనిపించదు.

వరుస కింది నుంచి మొదలవుతుంది. నేలకు ఆరంగుళాల పైనే ఆగాలి. పై పలక కింది పలక మీదికి అంగుళంపావు రావాలి. కిటికీ పైన నీళ్లు జారడానికి వంచిన రేకు, పలకల చివరలు కలిసే చోట వెనక చిన్న రేకు ముక్క పెట్టించండి. కోసిన అంచు మీద ఫ్యాక్టరీ రంగు ఉండదు గనుక, కంపెనీ ఇచ్చే అదే రంగును కోసిన వెంటనే పూయాలి. పలకను ఇద్దరు పట్టుకుని నిలువుగా మోయాలి, బల్లలా పడుకోబెట్టి మోస్తే నడుమ విరుగుతుంది.

ఇప్పుడు ఉత్తరంలో లేని విషయం ఒకటి. ఈ శీర్షికలో దీన్ని వ్రాయడానికి ముఖ్య కారణం అదే. ఆస్బెస్టాస్ లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. పలకలో ఇసుక పిండి ఉంది. చక్రం తిరిగే చిన్న కటింగ్ మిషన్‌తో పొడిగా కోస్తే తెల్లని పొగలా దుమ్ము లేస్తుంది. అందులో కంటికి కనిపించని భాగం ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడే ఉండిపోతుంది. కంకర మిషన్ల దగ్గర, రాతి కోత దగ్గర పనిచేసిన వాళ్లకు వచ్చే సిలికోసిస్ ఇదే. పాడైన ఊపిరితిత్తిని తిరిగి తెచ్చే మందు లేదు. పలక ఇంట్లో వాళ్లకు హాని చేయదు. గోడ మీద బిగించాక అది రాయిలాంటిదే. హాని అంతా ఆ రెండు మూడు రోజుల్లో, కోసే కుర్రాడికి. వాడు మీ ఇంట్లో రెండు రోజులు కోస్తాడు, తర్వాత ఇంకో ఇంట్లో, ఇంకో ఇంట్లో.

ముఖానికి చుట్టుకున్న తువ్వాలు ఈ దుమ్మును ఆపదు. కరోనా రోజుల్లో మనమంతా కొన్న ఎన్-95 మాస్కు కొంత ఆపుతుంది. దానికంటే మేలు, దుమ్ము లేవకుండా కోయడం. పలుచని పలకను గట్టి మొన ఉన్న కత్తితో రెండు మూడు సార్లు గీసి, గీత మీద విరిస్తే సరిపోతుంది. మిషన్ తప్పనిసరైతే పెరట్లో, గాలి వీచే వైపు చూసుకుని, పలకను తడుపుతూ కోయించండి. తడిపే వాడు వేరే మనిషి, కరెంటు మిషన్ తడవకూడదు. ఊడ్చేటప్పుడూ నీళ్లు చల్లే ఊడవాలి. ఇదంతా బేల్దారి మేస్త్రీకి కూలి మాట్లాడేటప్పుడే చెప్పాలి. పని మధ్యలో చెబితే ఆలస్యమవుతుందని విసుక్కుంటాడు, ఆ విసుగులో న్యాయముంది. మాస్కుల ఖర్చు, ఒక పూట ఎక్కువ కూలి ఇంటివాళ్లవే.

పాత ఆస్బెస్టాస్ రేకులు ఉన్నచోట కొత్త పలక కోసం వాటిని పగలగొట్టి దించకండి. తడిపి, బోల్టులు విప్పి, పూర్తి రేకుగా దించాలి. ముక్కలను దారిలో గుంతలు పూడ్చడానికి వాడే అలవాటు మనకుంది, అది మానాలి.

సోదరికి నా సమాధానం ఇది. ముందు కప్పు మీద తెల్ల సున్నం వేయించండి, అది నాలుగో వంతు ఖర్చు కూడా కాదు. ఈ వేసవికి గది ఎలా ఉందో చూడండి. అప్పటికీ పడమటి గోడ కాలుతుంటే ఆ ఒక్క గోడకే పలకలు వేయించండి, నాలుగు గోడలకూ అక్కర్లేదు. కింది గదికి అయితే నేను పలకలు చెప్పను, ఒక వేప మొక్క నాటమంటాను. రంగు ఎంపికలో మాత్రం తెల్లతెల్లనిది వద్దు, మన ఎర్ర దుమ్ము రెండు నెలల్లో దాని సంగతి చూస్తుంది. లేత గోధుమ రంగు నయం, గొట్టంతో నీళ్లు కొడితే శుభ్రపడుతుంది.

పని ముగిశాక మిగిలిన రెండు పలకలనూ, రంగు డబ్బానూ మేస్త్రీ పట్టుకుపోకుండా అటక మీద దాచుకోండి. పదేళ్ల తర్వాత క్రికెట్ బంతి తగిలి ఒకటి పగిలితే, ఆ రంగు అంగట్లో దొరకదు.