“ఊపిరాడడం లేదండీ!”

“ఊపిరాడడం లేదు” అన్న మాటను మనం ఎన్ని అర్థాలలో వాడుతామో! పనులు నెత్తిన పడినా అదే మాట, పెళ్లిపందిట్లో జనం కిక్కిరిసినా అదే మాట, ఉబ్బసరోగి అర్ధరాత్రి లేచి కూర్చున్నా అదే మాట. కావ్యంలో నానార్థాలు అలంకారమే గాని, వైద్యుని ఎదుట అవి చేటు తెస్తాయి. నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు ఏళ్ల తరబడి సీపాప్ యంత్రం వాడుతున్నవారి విషయంలో ఇది మరీ నిజమని నా అభిప్రాయం.

తెలియనివారి కొఱకు రెండు మాటలు. నిద్రలో గొంతు కండరాలు సడలి కొందరికి శ్వాసమార్గం మూసుకొని పోతుంది. కనీసం 10 సెకండ్లు ఊపిరి ఆగితే వైద్యులు దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 30 సార్లు, ఆపైన జరిగితే జబ్బు తీవ్రమైనట్లే. మనవారు మాత్రం గుఱక అని నవ్వి, కుంభకర్ణునితో పోల్చి ఊరుకుంటారు. ఆయనైనా ఆరునెలలు హాయిగా నిద్రించాడు. ఈ రోగికి ఆ భాగ్యమూ లేదు. ముక్కు ద్వారా ఎడతెగక గాలిని ఒత్తిడితో పంపి ఆ మార్గాన్ని తెరచి ఉంచవచ్చునని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. సీపాప్ కథ అక్కడ మొదలయింది.

నేను ఎనిమిదేళ్లుగా దీనిని తగిలించుకొనే పడుకుంటున్నాను. నా ఎఱుకలో ముగ్గురు దీనిని అటకెక్కించారు. కారణమడిగితే ముగ్గురిదీ ఒకటే జవాబు, ఊపిరాడడం లేదని. విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే తేలినవి మూడు వేర్వేరు బాధలు!

మన యోగశాస్త్రం ఊపిరి తీయడాన్ని పూరకమనీ, విడవడాన్ని రేచకమనీ వేరుచేసి చెప్పింది. ఇక్కడ అక్కఱకు వచ్చేది ఆ విభజనే. మొదటి మిత్రునికి పూరకంలో కష్టం, అదీ పడుకున్న మొదటి పావుగంటలోనే. యంత్రంలో ర్యాంపు అనే ఏర్పాటు ఉంటుంది. గాలి తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరుగుతుంది. ఆ ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు (దీనికీ బీపీకీ సంబంధం లేదు). సాధారణంగా అది 4 నుండి 20 వరకు ఉంటుంది. భారీ మనిషికి ఆ 4 చాలదు, గాలికై తహతహలాడుతాడు. సుఖం కొఱకు పెట్టినదే ఆయనకు ఊపిరి సలపనీయలేదు. మొదలయ్యే ఒత్తిడిని కొంచెం పెంచడమో, ర్యాంపును తీసివేయడమో దానికి విరుగుడు.

రెండవవారికి రేచకంలో కష్టం. ఎదురుగాలిలోకి ఊదినట్లుంటుందట. ఊపిరి విడిచేటప్పుడు మాత్రమే ఒత్తిడిని కాస్త తగ్గించే సదుపాయం చాలా యంత్రాలలో ఉన్నది. దానిని వారికి ఎవరూ చెప్పలేదు.

మూడవవారిది అసలైన చిక్కు. ఐదేళ్లు సుఖంగా వాడి, ఆరవ ఏట మొదలయింది బాధ. ఇటువంటివారిని అడగవలసినది “ఏమి మారింది?” అని. ఫిల్టరు మన వీధుల దుమ్ముతో నల్లబడిందా? మాస్కు అంచు మెత్తబడి గాలి కారుతున్నదా? ముక్కు దిబ్బడ వేసిందా? బరువు పెరిగిందా, తగ్గిందా? ఏనాడో నిర్ణయించిన ఒత్తిడి శిలాశాసనం కాదు గదా. యంత్రమే పాతబడి ఉండవచ్చు కూడా. లోపలి నురుగు పొర శిథిలమవుతున్నదని 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ తన యంత్రాలను లక్షల సంఖ్యలో వెనుకకు పిలిచింది.

మాస్కు మీది చిన్న రంధ్రాలు సవ్వడి చేస్తున్నవని టేపు అంటించేవారున్నారు. అది ప్రాణాంతకం. మనం విడిచిన బొగ్గుపులుసు వాయువు బయటకు పోయేది వాటిగుండానే.

నా ఫిర్యాదు చికిత్స జరిపించే తీరు మీద. రాత్రికి ఎన్ని గంటలు వాడారని అడుగుతారు. నాలుగు గంటలకు తగ్గితే “సహకరించని రోగి” అని రాసుకొంటారు. ఎందుకు తీసివేశారని అడగరు. గాలి ఎంత కారిందో, శ్వాస ఎన్నిసార్లు ఆగిందో యంత్రమే రాత్రిరాత్రికీ లెక్క రాసిపెడుతుంది. ఆ లెక్కను రోగి ముందు విప్పి తెలుగులో చదివి వినిపిస్తే పోయేదేమిటి? కొందరికి సీపాప్ మొదలుపెట్టాక గొంతు తెరుచుకొని ఉన్నా, మెదడు నుండి ఆజ్ఞ అందక శ్వాస ఆగుతుంది. అది తెలియాలన్నా ఆ లెక్కే చూడాలి.

కొందరు మిత్రులు వైద్యునితో పనిలేకుండా అన్నీ తామే మార్చుకొంటామంటారు. తేమ, ర్యాంపు వంటివి మన సౌకర్యాలు, మార్చుకోవచ్చు. చికిత్స ఒత్తిడి జోలికి మాత్రం సొంతంగా పోరాదు. మాస్కు తీసినా ఆయాసం తగ్గకపోయినా, కాళ్లు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా అది యంత్రం తగవు కాదు, వెంటనే ఆసుపత్రికి పోవలసినదే.

మొదటివారి యంత్రం, మూడవవారి యంత్రం అటక దిగాయి. రెండవవారిది ఇంకా దిగలేదు. వచ్చే వారం వైద్యుని వద్దకు వెళ్తున్నారు. పీల్చేటప్పుడా, విడిచేటప్పుడా, ఏ జామున, ఎన్నాళ్లుగా అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకొని వెళ్లమన్నాను.