స్నేహానికి చోటివ్వని సాహిత్యచరిత్ర

మహాదేవీ వర్మ కవిత్వంలోని వేదనకు మూలం ఆమె సంసారంలో వెదకటం హిందీ విమర్శకులలో కొందరికి వ్యసనమైపోయింది. ఆమెకు 1916లో, తొమ్మిదవ యేట, పెండ్లి అయింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత భర్తతో కాపురానికి ఆమె ఒప్పుకోలేదు. ఇంకేమి కావాలి? విరహిణి అన్నారు, ఆధునిక మీరా అన్నారు. సుభద్రాకుమారీ చౌహాన్‌ను మాత్రం ఝాన్సీరాణి వీరగాథకూ మాతృవాత్సల్యానికీ అప్పగించి, మరొక అధ్యాయంలో కూర్చుండబెట్టారు. కాపురం లేనిది ఒకతె, ఉన్నది ఒకతె! ఈ కొలబద్దకు అందనిది వారిద్దరి స్నేహం.

అలహాబాదు క్రాస్త్‌వైట్ బాలికా విద్యాలయ వసతిగృహంలో మహాదేవి గుట్టుగా వ్రాసికొన్న కవితలను సుభద్ర కనిపెట్టింది. ఒక చేత కాగితాలు, మరొక చేత ఆ పిల్లను పట్టుకొని తిరిగి, అందరికీ చాటింది. ఈ ముచ్చట అందరూ చెబుతారు. చెప్పి, అక్కడే ఆగుతారు. ఆడవారి స్నేహం పెండ్లితో ముగుస్తుందని కాబోలు.

ముగియలేదు. 1919లో లక్ష్మణసింగ్ చౌహాన్‌ను వివాహమాడిన సుభద్ర జబల్పూరులో స్థిరపడింది. 1923లో నాగపూరు జెండా సత్యాగ్రహంలో నిర్బంధింపబడింది. 1942లో మళ్ళీ జైలుకు వెళ్ళింది. మహాదేవి 1932లో సంస్కృతంలో ఎం.ఏ. ముగించి, ప్రయాగ మహిళా విద్యాపీఠ భారం వహించి, భర్తకు దూరంగానే బ్రతికింది. పిల్లల తల్లియైన స్నేహితురాలిని చూపి, కాపురం కాదన్నదానిని నిందించటం లోకానికి ఎంత సులభం! పోల్చటానికి కావలసినదంతా సిద్ధంగానే ఉన్నది.

కాని సుభద్ర ఆ పోలికకు ఒదిగే గృహిణి కాదు. తన కుమార్తెను ప్రేమ్‌చంద్ కుమారుడు అమృతరాయ్‌కి కులాంతర వివాహం చేసినపుడు ఆమె కన్యాదానం చేయనన్నది; మనిషిని మనిషి దానమివ్వటమేమిటని అడిగింది. ఆ మాటను భద్రపరచినది మహాదేవియే. స్త్రీని పురుషుని ఆస్తిగా చూచే ఆచారాన్ని ‘శృంఖలా కీ కడియా’ (1942) వ్యాసాలలో ఖండించినదీ ఆమెయే. కాపురం చేసినామె, కాదన్నామె ఒకే ప్రశ్నను రెండు ఇండ్లనుండి అడిగారు. ఈ స్నేహాన్ని నిలిపినది చిన్ననాటి మమకారం ఒక్కటే అనటం ఇద్దరి బుద్ధినీ అవమానించటమే.

1948 ఫిబ్రవరిలో సుభద్ర మోటారు ప్రమాదంలో మరణించింది. 1956లో వెలువడిన ‘పథ్ కే సాథీ’లో రవీంద్రుడు, ప్రసాద్, నిరాలా, పంత్‌ల సరసన మహాదేవి నిలిపిన ఏకైక స్త్రీ ఆమె. మహాదేవి గీతాలలో అజ్ఞాత ప్రియుని జాడకై పుటపుటా గాలించే విమర్శకుడు, ఆమె పేరు పెట్టి, ముఖం చూపి వ్రాసిన ఈ స్నేహితురాలి వద్ద ఆగడు; నిరాలా వ్యాసం కోసం పుటలు తిప్పుకొని వెళ్ళిపోతాడు.