పాత సిస్టమ్‌కు కొత్త ముద్ర పడేదెలా?

నెమలి అనగానే తిరువూరు ప్రాంతం వాళ్లకు వేణుగోపాలస్వామి గుడే గుర్తొస్తుంది. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరది. ఇలాంటి ఊళ్లలో పెళ్లి కుదిరినా, గృహప్రవేశమైనా, ఉత్సవాల కరపత్రం వేయాలన్నా పక్క పట్నంలోని డీటీపీ సెంటర్‌కి వెళ్తారు. అక్కడ ఏసీ కింద మెరిసే కొత్త కంప్యూటర్ ఒకటుంటే, మూలన దుమ్ము పట్టిన పాతది ఇంకొకటి ఉంటుంది. దాని తెర మీద పచ్చటి గుట్ట, పైన నీలాకాశం. చూశారుగా.. అదే విండోస్ ఎక్స్‌పీ!

2001 అక్టోబరు 25న వచ్చిన ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సెలవు చెప్పేసింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల ఆ కంపెనీ సీఈవో అయి అప్పటికి రెండు నెలలే. ఆ తర్వాత వచ్చిన విండోస్ 7కీ 2020 జనవరి 14న అదే గతి పట్టింది. అయినా ఆ పెట్టెల్ని జనం ఎందుకు వదలరు?

అక్షరాల ముడి

కారణం తెలుగే! మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి రాజ్యమేలింది పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, కంప్యూటర్ లెక్కలో ఇంగ్లిషు అక్షరాలే. ఆ ఫాంట్ లేని చోట ఫైలు తెరిస్తే శుభలేఖ కాస్తా గజిబిజి గీతలైపోతుంది. పాత సాఫ్ట్‌వేర్‌ కొత్త విండోస్‌లో మొరాయిస్తే, పదిహేనేళ్ల ఫైళ్లన్నీ అక్కరకు రాకుండా పోతాయి. అందుకే ఆ మూలనున్న పెట్టెను ఎవరూ కదపరు. యూనికోడ్ తెలుగు కోసం ‘గౌతమి’ ఫాంట్‌ని వెంట తెచ్చింది కూడా ఆ ఎక్స్‌పీయే కావడం విశేషం.

ఇంకో కారణం ఖర్చు. ప్రింటర్, స్కానర్ పాతవి. వాటికి కొత్త విండోస్‌లో డ్రైవర్లు దొరకవు. ఒక్కటి మారిస్తే మొత్తం మార్చాలి. చిన్న దుకాణానికి అది తలకు మించిన భారం.

సీలు చూడందే తీసుకోదు

సరే, పాతదైనా అప్‌డేట్లు వేసుకుంటే సరిపోదా అనుకుంటున్నారా? అసలు చిక్కంతా అక్కడే ఉంది. కంప్యూటర్ అప్‌డేట్ కోసం కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. తన దగ్గర ఏమున్నాయో చెబుతుంది. లేనివి దించుకుంటుంది. వేసుకునే ముందు ప్రతి ఫైలు మీదా కంపెనీ డిజిటల్ ముద్ర ఉందో లేదో చూస్తుంది. గ్యాస్ సిలిండర్ ఇంటికి రాగానే సీలు చూసుకోమూ.. అలాగన్నమాట.

పూర్వం ఆ ముద్ర వేసే పద్ధతి పేరు షా-1. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే షా-1 గుర్తు వచ్చేలా చేయొచ్చని 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ పరిశోధకులు నిరూపించారు. అంటే దొంగ సీలు సాధ్యమే! దాంతో మైక్రోసాఫ్ట్ షా-2కి మారింది. పాత పద్ధతిలో నడిచే అప్‌డేట్ సేవల్ని 2020లో మూసేసింది. కొత్త ముద్రను గుర్తుపట్టలేని పాత విండోస్ ‘అప్‌డేట్’ మీట నొక్కితే ఎర్రర్ చూపిస్తుంది. యంత్రం బాగానే ఉంది.. కానీ అవతల తలుపు తీసేవాళ్లు లేరు.

ఒక్కోసారి కారణం మరీ చిన్నది. మదర్‌బోర్డు మీదుండే నాణెమంత సెల్ అయిపోతే కంప్యూటర్ గడియారం ఇరవై ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సర్వర్ చూపించే సర్టిఫికెట్ ‘ఇంకా పుట్టనిది’గా కనిపించి, నెట్టులో సురక్షిత సైట్లేవీ తెరుచుకోవు. ముందు చూడాల్సింది ఆ తేదీనే!

రెండు నెలల ముందే వచ్చినా..

అప్‌డేట్ లేకపోతే కొంపలేమీ మునగవని అనుకునేవారికి 2017 మే నెల ఒక గుణపాఠం. ఆ నెల 12న ‘వానాక్రై’ అనే పురుగు ప్రపంచం మీద పడింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు వేల అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. మన దగ్గరా వదల్లేదు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. నెమలి అప్పుడు కృష్ణా జిల్లాలోనే ఉండేది.

విచిత్రమేంటంటే, ఆ పురుగు దూరే కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. దాదాపు రెండు నెలలు ముందే! వేసుకున్నవాళ్లు బతికిపోయారు. ఎక్స్‌పీ లాంటి పాతవాటికైతే దాడి మొదలైన మర్నాడు ప్రత్యేకంగా ఓ అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది. అంతకన్నా ఆశ్చర్యం.. ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పీలు కావు, అప్‌డేట్ అందుబాటులో ఉండీ వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లు. పాతదనం కన్నా నిర్లక్ష్యమే పెద్ద శత్రువని తేలిపోయింది.

దారులున్నాయి!

పాత పెట్టెను తప్పక వాడాల్సినవాళ్లు ఏం చేయాలి?

విండోస్ 7 అయితే సర్వీస్ ప్యాక్ 1 ఉందో లేదో చూడాలి. ఆ తర్వాత 2019లో వచ్చిన కేబీ4490628, కేబీ4474419 అనే రెండు అప్‌డేట్లను వేసుకుంటే షా-2 ముద్రను గుర్తుపట్టడం దానికి వచ్చేస్తుంది. వాటిని వేరే మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు.

ఎక్స్‌పీ కోసం ‘లెగసీ అప్‌డేట్’ లాంటి ప్రయత్నాలు చేస్తున్న ఔత్సాహికులున్నారు. మూతపడిన అప్‌డేట్ సేవ స్థానంలో వాళ్లు ఓ దారి వేసి, పాత అప్‌డేట్లు మళ్లీ అందేలా చూస్తున్నారు. ఇది మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఇచ్చేది కాదు. అలాంటి పేర్లతో నకిలీలూ ఉండొచ్చు కాబట్టి చిరునామా సరిచూసుకోవాలి.

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ అప్‌డేట్లు పూడ్చేది ఆనాటి కంతల్నే. తర్వాత బయటపడినవి అలాగే ఉంటాయి. అందుకే పాత సిస్టమ్‌కు నెట్ వైరు తీసేయడమే పెద్ద రక్ష. బ్యాంకు పని, ఆధార్ పని దాని మీద అసలే వద్దు.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. దుకాణానికి రోజూ వచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఏదో ఒకదాంట్లో వైరస్ ఉండొచ్చు. పెట్టగానే తనంతట తనే నడిచే ‘ఆటోరన్’ని ఎక్స్‌పీలో ఆపే అప్‌డేట్ 2011లోనే వచ్చింది. కనీసం అదైనా ఉండాలి. ముందు కొత్త కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే పాతదాంట్లో పెట్టడం ఇంకా మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం ఫైళ్లు. అను ఫైళ్లను పీడీఎఫ్‌గా మార్చి, యూనికోడ్‌లోకి తెచ్చి, రెండు చోట్ల దాచుకుంటే ఆ పెట్టె రేపు ఆగిపోయినా గుండె ఆగదు. ఇంటి వాడకానికైతే తేలికపాటి లినక్స్ ఉండనే ఉంది. సీడ్యాక్ తయారుచేసిన ‘బాస్’ లినక్స్‌లో తెలుగూ ఉంది.

ఇదంతా దుకాణాల గొడవ అనుకోకండి. విండోస్ 10కి మామూలు సేవలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు దాకా మాత్రమే అదనపు గడువిచ్చారు. పిల్లల చదువుకని కొన్న కంప్యూటర్, అందులో పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు.. వాటి సంగతేంటి? ఈ ఆదివారం ఓ పది నిమిషాలు కూర్చుని, ఇంట్లో ఉన్నది ఏ విండోసో, చివరి అప్‌డేట్ ఎప్పుడు పడిందో చూడండి. చూశాక ఆ ఫొటోల్ని ఇంకో చోటికి కాపీ చేసి మరీ లేవండి!