అర సెకను ఆలస్యంతో బయటపడ్డ కుట్ర.. లైనక్స్‌కు అసలు ముప్పు ఎక్కడుంది?

అర సెకను. తేడా అంతే. సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఓ ఇంజనీర్‌కు డౌట్ వచ్చింది. తవ్వుకుంటూ పోతే దొరికింది మామూలు బగ్ కాదు. ప్రపంచవ్యాప్తంగా లైనక్స్ సర్వర్లలోకి దొడ్డిదారి వేసేందుకు రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాగిన కుట్ర!

మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ 2024 మార్చి 29న ఈ విషయం బయటపెట్టారు. తీవ్రతకు పడిన మార్కులు 10కి 10. రోజులు గడిచినా ఈ కేసు పాతబడలేదు. ఎందుకంటే ఇందులో దెబ్బతిన్నది కోడ్ కంటే ఎక్కువగా నమ్మకం.

డిస్ట్రో అంటే ఏంటి?

డెబియన్, ఫెడోరా, ఉబుంటు.. వీటిని లైనక్స్ డిస్ట్రోలు అంటారు. ఇవి ఒక్కరు రాసిన సాఫ్ట్‌వేర్లు కావు. ఎక్కడెక్కడో, ఎవరెవరో రాసిన ప్రోగ్రామ్‌లను తెచ్చి, సరిచూసి, మూటగట్టి మనకిస్తారు. డెబియన్ 12లో ఇలాంటి ప్యాకేజీలు 64 వేలకు పైనే. వాటిని చూసుకునే అధికారిక డెవలపర్లు దాదాపు వెయ్యి మంది. అందులో చాలామంది జీతం లేకుండా పనిచేసే వలంటీర్లే. ప్రతి లైను చదవడం అయ్యే పనేనా? కాదు. అందుకే రాసినవాళ్లను నమ్ముతారు.

సరిగ్గా ఆ నమ్మకం మీదే దెబ్బ కొట్టారు.

అసలేం జరిగింది?

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న టూల్. దాదాపు ప్రతి లైనక్స్‌లో ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి నడిపింది ప్రధానంగా ఒక్కరే.. లాస్సే కాలిన్. 2021లో 'జియా టాన్' అనే పేరుతో ఒకరు సాయం చేస్తామంటూ వచ్చారు. పని బాగానే చేశారు. 2022లో కొన్ని కొత్త పేర్లు ఊడిపడ్డాయి. 'అప్‌డేట్లు ఎందుకింత లేటు, ఇంకొకరికి అప్పగించొచ్చుగా' అంటూ కాలిన్‌పై ఒత్తిడి పెట్టాయి. ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టు అని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. చివరికి 2023 నాటికి కొత్త వెర్షన్లు విడుదల చేసే అధికారం జియా టాన్ చేతికి వెళ్లింది. ఒత్తిడి పెట్టిన ఆ పేర్లు తర్వాత మళ్లీ కనిపించలేదు. అవన్నీ ఒకే ముఠా వేషాలన్నది పరిశోధకుల అనుమానం.

2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 వెర్షన్లు వచ్చాయి. విషం వీటిలోనే ఉంది. దాచిన తీరు చూడండి.. హానికర కోడ్‌ను టెస్ట్ ఫైళ్ల రూపంలో కలిపేశారు. దాన్ని నిద్రలేపే స్క్రిప్ట్ మాత్రం అందరూ చూసే కోడ్‌లో లేదు. డిస్ట్రోలు డౌన్‌లోడ్ చేసుకునే విడుదల ఫైల్‌లోనే పెట్టారు. అంటే జనం చదివేది ఒకటి, డిస్ట్రోలకు చేరేది మరొకటి!

డిస్ట్రోల పాత్ర కూడా ఉంది

చాలామంది దాటేసే సంగతి ఇంకోటి ఉంది. సర్వర్ లాగిన్‌కు వాడే ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌కు అసలు ఎక్స్‌జెడ్‌తో పనే లేదు. డెబియన్, ఫెడోరా లాంటి డిస్ట్రోలు తమ సౌకర్యం కోసం దానికి సిస్టమ్‌డీ లైబ్రరీని జోడించాయి. ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్‌ను వెంటబెట్టుకొచ్చింది. తలుపు అలా తెరుచుకుంది. ఆర్చ్ లైనక్స్‌కూ ఆ వెర్షన్ చేరింది, కానీ అక్కడ ఈ జోడింపు లేదు కాబట్టి ఈ దారి పనిచేయలేదు. చిన్న మార్పే కదా అని డిస్ట్రో చేసే ప్రతి ప్యాచ్‌కూ ఇలాంటి ఖర్చు ఉంటుంది.

అదృష్టం ఏంటంటే డెబియన్ టెస్టింగ్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లాంటి ముందస్తు వెర్షన్ల దగ్గరే ఇది ఆగిపోయింది. ఉబుంటు 24.04 బీటా వారం వాయిదా పడింది. అదే డెబియన్ స్టేబుల్‌లోకి వెళ్లుంటే? డెబియన్ ఆధారంగా మన సీ-డాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ లాంటివి కూడా లైన్లో ఉన్నట్టే.

ఇప్పుడు మారిందేంటి?

2024 జులైలో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో సిస్టమ్‌డీకి కబురు పంపే పనిని ఆ లైబ్రరీ లేకుండానే చేసేలా మార్చారు. ఒకే కోడ్ నుంచి ఎవరు తయారుచేసినా ఒకేలాంటి ప్యాకేజీ రావాలనే 'రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్' పనీ జోరుగా సాగుతోంది. మంచిదే. కానీ ఎక్స్‌జెడ్ కేసులో అదొక్కటే సరిపోయేది కాదు.. మూలమే కల్తీ అయినప్పుడు ఎన్నిసార్లు తయారుచేసినా అదే కల్తీ వస్తుంది. విడుదల ఫైల్‌నూ, బహిరంగ కోడ్‌నూ పోల్చి చూడాల్సిందే. ఆ చాకిరీ మళ్లీ అదే వలంటీర్ల నెత్తిన పడుతోంది.

ఇక 2025 జులైలో ఆర్చ్ యూజర్లు నడిపే ఏయూఆర్‌లోకి బ్రౌజర్ ప్యాచ్‌ల పేరుతో మూడు మాల్వేర్ ప్యాకేజీలు చేరాయి. రెండు రోజుల్లో తీసేశారు. అక్కడ మోసగాళ్లకు రెండేళ్ల ఓపిక కూడా అక్కర్లేకపోయింది.

శుభ్రం చేసిన ఎక్స్‌జెడ్ 5.6.2ను 2024 మేలో లాస్సే కాలినే విడుదల చేశారు. జియా టాన్ ఎవరన్నది మాత్రం తేలలేదు.