టీసీ రాసిచ్చి చేతులు దులుపుకుంటారా!

తొమ్మిదేళ్ల పిల్లవాడు కుక్కపిల్ల తోకకి సీమటపాకాయల సరం కట్టి వెలిగించాడు. అది బడి ఆవరణంతా కుయ్యోమంటూ గింగిరాలు తిరుగుతుంటే వాడు నవ్వలేదు, భయపడలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాడు. తండ్రిని పిలిపించారు. ఆయన హెడ్మాస్టరు గదిలోనే బెల్టు తీశాడు. ఎవ్వరూ అడ్డుపడలేదు. డాక్టరుకి చూపిద్దామని నేనంటే “మావాడేమన్నా పిచ్చోడా?” అని నామీద విరుచుకుపడ్డాడు. నెల తిరక్కుండా టీసీ రాసిచ్చేశారు. “మిగతా పిల్లలు చెడిపోతారండీ” అట!

కొట్టకూడదని, ఎనిమిదో తరగతి అయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది. ఎవరికి పట్టింది?

ఇలాంటి పోకడలు పెద్దయ్యాకా పోకపోతే డాక్టర్లు దాన్ని సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అంటారు. పద్దెనిమిదేళ్లు నిండనిదే ఎవరికీ అది ఉందని తేల్చరు. తేల్చాలంటే పదిహేనేళ్లలోపే ఆ పోకడలు మొదలై ఉండాలి: అదేపనిగా కొట్లాటలు, దొంగతనాలు, నిప్పు పెట్టడం, మూగజీవాల్ని హింసించడం. అంటే ఈ జబ్బు రాత్రికి రాత్రి ఊడిపడేది కాదు. ఏళ్ల తరబడి మన కళ్లముందే పెరుగుతుంది. అన్నేళ్లూ మనం “అల్లరి” అంటాం, లేకపోతే “పుట్టుకే అంత” అంటాం.

పుట్టుకే అంత కాదు! అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో చిన్నప్పుడు పిల్లల క్లినిక్కుకి వచ్చిన 524 మంది ముప్పై ఏళ్ల తర్వాత ఏమయ్యారో లీ రాబిన్స్ ఆరా తీశారు. ఆమె పుస్తకం 1966లో వచ్చింది. ఆమె తేల్చిందేమిటంటే, ఈ జబ్బున్న పెద్దలు దాదాపు అందరూ చిన్నప్పుడు ఆ పోకడలున్న పిల్లలే. కానీ అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి పెద్దయ్యాక ఈ జబ్బు రాలేదు. ఈ రెండో మాట మన బళ్లలో ఎవరూ ఎందుకు చెప్పరు? చిన్న వయసులోనే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి నేర్పిస్తే చాలామంది పిల్లలు మారతారు. నేర్పాల్సింది ఇంతే: మంచి పని చేస్తే అప్పటికప్పుడు మెచ్చుకోవడం, తప్పు చేస్తే ముందే చెప్పిన చిన్న శిక్ష, అదీ చెయ్యి చేసుకోకుండా, ఇవాళొకలా రేపొకలా కాకుండా. బెల్టు నేర్పేది మాత్రం బెల్టునే.

ఆ పిల్లవాడి కోసం పెద్దాసుపత్రిలో అడిగాను. పిల్లల మానసిక వైద్యుడు లేరు, హైదరాబాదు తీసుకెళ్లండన్నారు. కూలికెళ్లే తల్లి ఎన్నిసార్లు వెళ్లగలదు?

అదే వాడు పదహారు నిండాక ఘోరమైన నేరం చేశాడనుకోండి. చానళ్లు “సైకో” అని రోజంతా అరుస్తాయి. పెద్దవాడిలా విచారించాలా వద్దా అని తేల్చడానికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం జువెనైల్ బోర్డు కూర్చుంటుంది, మానసిక నిపుణుల్ని పిలిపించుకోవచ్చు. అప్పుడు దొరికే నిపుణుడు ఇప్పుడెందుకు దొరకడు? ఒక ప్రాణం పోతేగానీ ఈ పిల్లవాడి ఫైలు ఎవరూ తెరవరా?