థింసా ఆడేవాళ్లకు పేర్లుండవా?

1934లో న్యూయార్క్ కోర్టులో ఓ విచిత్రమైన దావా విచారణకొచ్చింది. తన ముద్దుముద్దు గొంతును కాజేసి బెట్టీ బూప్ అనే కార్టూన్ బొమ్మను తయారుచేశారంటూ హెలెన్ కేన్ అనే తెల్లజాతి గాయని మాక్స్ ఫ్లైషర్ మీద, పారమౌంట్ కంపెనీ మీద రెండున్నర లక్షల డాలర్లకు వేసిన దావా అది. ఆ గొంతు అసలు కేన్‌ది కానే కాదని, బేబీ ఎస్తర్ అనే నల్లజాతి బాలికదని ఆ పిల్ల మేనేజరే బోనెక్కి చెప్పాడు. 1928లో కేన్ ఆమె ప్రదర్శన చూసిందన్నాడు. కేన్ ఓడిపోయింది. బొమ్మ గెలిచింది. సాక్ష్యానికి పనికొచ్చిన ఎస్తర్ వాటాకు మాత్రం పనికిరాలేదు. ఆమె కోర్టులోనే లేదు.

ఈ న్యూయార్క్ కథ మనకెందుకంటే, అరకులోయలో ఇలాంటిదే రోజూ జరుగుతోంది కనుక.

సాయంత్రమైతే రిసార్టుల్లో పర్యాటకుల కోసం థింసా మొదలవుతుంది. ఇక్కడి గిరిజనులు ఇటుకల పండగకూ పెళ్లిళ్లకూ ఆడే ఆట ఇది. ఆకులు ఏరడం పొతర్ తోల థింసా అవుతుంది, పులి బారి నుంచి తప్పించుకోవడం బాగ్ థింసా అవుతుంది. నడుముల వెనక చేతులు పెనవేసుకుని ఆడవాళ్లు వరసగా కదులుతుంటే డప్పు, తుడుము, కిరిడి, మోరి మోగుతాయి. మోరి ఊదేవాడు ఊపిరి తడబడితే అంతమంది అడుగులూ తడబడతాయి. అంత పనివాడి పేరు అక్కడ ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లూ తక్కువే.

నాయకులు కొండెక్కితే నాలుగడుగులు వేయక మానరు. మర్నాడు ఫొటో కింద నాయకుడి పేరు, పక్కన ‘గిరిజన మహిళలు’. ఈ తప్పు పత్రికలది, అంటే మాదే.

సినిమాల సంగతి సరేసరి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, ప్రదర్శకులకు తమ పేరు చెప్పించుకునే హక్కు ఇచ్చారు. కానీ అందులోనే ఓ మెలిక ఉంది. సినిమాలో ఏదో సందర్భవశాత్తూ కనిపించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో పేరు పడనివాళ్లు ప్రదర్శకుల లెక్కలోకే రారు. తమ ఆటను వికృతం చేస్తే అడ్డుకునే హక్కొక్కటే వాళ్లకు మిగిలింది. పేరు ఎగ్గొట్టడమే పేరు అడగకుండా చేసే సాధనమైందన్నమాట!

థింసా ఊరుమ్మడి సొత్తు, ఒకరిద్దరి పేర్లు ఎలా వేస్తామని అడిగేవాళ్లున్నారు. గోండుల గుస్సాడీ నాట్యం మాత్రం ఒకరి సొత్తా? మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇస్తే గుస్సాడీకి వచ్చిన నష్టమేమీ లేదు. థింసాను ఎవరు పుట్టించారో చెప్పమని ఎవరూ అడగడం లేదు. ఫలానా రాత్రి ఫలానా వేదికపై ఆడినవాళ్లకు ఊరూ పేరూ ఉంటాయి కదా, అవి చెబితే చాలు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గింజ ఏ కొండదో పొట్లం మీద రాసి అమ్ముకుంటున్నాం. పర్యాటక శాఖ కూడా ఆట మొదలయ్యేముందు బృందం ఊరు, నాట్యకత్తెల పేర్లు, వాద్యగాళ్ల పేర్లు మైకులో చదివించాలి. పాటలో థింసా వాడుకునే నిర్మాత ఆ పేర్లను టైటిల్స్‌లో వేయాలి, పారితోషికం కాగితం మీద రాసివ్వాలి. వీటికి కొత్త చట్టం రానక్కర్లేదు, వచ్చే శనివారం ప్రదర్శన నుంచే మొదలుపెట్టొచ్చు.