మొదటి కత్తి మొద్దుకత్తి కావాలా?

“నేర్చుకునేవాడికి చౌకకత్తి చాలు, చెయ్యి కుదిరాక మంచిది కొనుక్కోవచ్చు.” ఈ హితవాక్యం ఇటీవల తరచుగా నా చెవిన పడుతోంది. పాతకాలపు మడతకత్తితో తమ గడ్డం తామే గీసుకోవాలన్న ఉత్సాహం కుర్రవాళ్లలో కొందరికి పుట్టింది. సంతోషించవలసిందే. హితవాక్యం మాత్రం శుద్ధ అపసవ్యం. దానిని ఖండించడానికే ఈ టపా.

తెలుగు పాఠాలు చెప్పుకున్నవాడికి కత్తి గొడవ ఎందుకంటారా? నేర్చుకోవడం ఎలాగన్నది నా వృత్తికి చెందిన ప్రశ్నే గదా.

మొన్న మా తమ్ముడి మనుమడు బెంగుళూరు నుండి ఉదయగిరి వచ్చాడు. చెంపమీద రెండు గాట్లు, సంచిలో ఒక మడతకత్తి. అంతర్జాలంలో కొన్నాడట. అలుగు మీద లతలు, పిడిమీద సింహం బొమ్మ. “తాతా, ఈ పిడి తీసేసి మన ఊరి కొయ్యతో చేయించాలి” అన్నాడు.

మా ఊరి కొయ్యపని మీకు తెలిసే ఉంటుంది. నర్ది, బిక్కి వంటి కొండకొయ్యలతో గరిటెలు, చెంచాలు, ముళ్లచెంచాలు చెక్కే ముస్లిం పనివారి కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మా కొయ్యకత్తి వెన్న పూయడానికి దివ్యంగా పనికి వస్తుంది. మావాడి ఉక్కుకత్తి అందుకైనా పనికి వస్తుందో లేదో అని నాకు అనుమానం కలిగింది. దానిని మడత విప్పి అద్దంమీద పడుకోబెట్టాను. వెన్ను, వాదర రెండూ పొడవునా అద్దానికి ఆనాలి. ఇది ఒక మూల లేచి ఊగులాడింది. వంకర అలుగు! సానమీద పెడితే ఒకచోట అరుగుతుంది, ఒకచోట రాయినే తాకదు. అటువంటిదానికి వెండిపిడి వేసినా గడ్డం తెగదు.

ఇప్పుడు ఆ హితవాక్యాన్ని విచారిద్దాం. కొత్తవాడికి చెయ్యి తెలియదు, కత్తి తెలియదు. గడ్డం పీకింది, చెంప తెగింది. తప్పు తన చేతిదా, కత్తిదా? చౌకకత్తి పట్టినవాడు ఈ ప్రశ్నకు ఏనాటికీ సమాధానం చెప్పుకోలేడు. పదును లేని వాదర వెంట్రుకను కోయలేక ఆగుతుంది. ఆగినకొద్దీ వాడు నొక్కుతాడు. నొక్కినకొద్దీ చర్మం తెగుతుంది. రెండు వారాలకు “ఇది మనవల్ల కాదు” అని అటకమీద పారేస్తాడు. అచ్చుతప్పుల పెద్దబాలశిక్షతో అక్షరాభ్యాసం చేయించి, పిల్లవాడికి చదువు అబ్బలేదని బెత్తం ఎత్తడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. చెయ్యి కుదిరినవాడు అరకొర కత్తితోనైనా నెట్టుకురాగలడు. కొత్తవాడికే మేలైన కత్తి కావాలి.

“మేలైనదంటే వేలకు వేలు పోయాలి గదా!” అని ఆక్షేపణ. మేలు వేరు, ఆడంబరం వేరు. మొదటి కత్తికి కావలసినవి ఇవి:

1. కార్బను ఉక్కు. తడి ఉంచితే తుప్పు పడుతుంది నిజమే. తుడిచి, ఆరబెట్టి, పలుచగా నూనె రాస్తే చాలు. స్టెయిన్‌లెస్ చెడ్డదని కాదు, కార్బను ఉక్కు సానమీద సులువుగా దారికి వస్తుంది.

2. అలుగు వెడల్పు అంగుళంలో 8వ వంతులలో చెబుతారు. 5/8 గాని 6/8 గాని చాలు. అంతకంటె వెడల్పైనది ముక్కు కింద తిరగదు.

3. కొన గుండ్రంగా ఉండాలి. మొనదేలిన కొన చేయి తిరిగినవారికి వదలండి.

4. పిడి సాదాగా ఉండాలి. పిడి ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వంకర అలుగును మార్చలేము.

5. అన్నిటికంటె ముఖ్యం: కత్తితోపాటు తోలుపట్టా కొనాలి, సాన పట్టగల మనిషి ఎవరో ముందే తెలుసుకోవాలి. కొత్త కత్తులు చాలావరకు గడ్డానికి సిద్ధమైన పదునుతో రావు.

పాతకత్తి దొరికితే మరీ మంచిది. జర్మనీలోని జొలింగెన్, ఇంగ్లండులోని షెఫీల్డు కత్తులు, పైన తుప్పు ఉన్నా, వాదర చెడకుంటే, తిరిగి బతుకుతాయి.

“సాన పట్టించడానికి జర్మనీ పంపాలట, తాతా” అన్నాడు మావాడు. నాకు నవ్వు, దుఃఖం రెండూ వచ్చాయి. సుమారు రెండు వందల ఏళ్ల క్రితం లండనులో జేమ్స్ స్టోడార్ట్ అనే పేరుమోసిన కత్తులవాడు మన దక్షిణదేశపు ఉక్కునే తెప్పించుకొని, ఐరోపా ఉక్కుకంటె ఇదే మేలని తన ప్రకటనలో అచ్చు వేసుకున్నాడు. మైకేల్ ఫారడే ఆయనతో కలిసి ఉక్కు మిశ్రమాలపై పరిశోధించి 1820లో, 1822లో ఫలితాలు ప్రకటించాడు. నిజామాబాదు సీమలోని కోనసముద్రం ఉక్కుకోసం పారసీక వర్తకులు వచ్చేవారు. ఇంతటి దేశంలో పుట్టినవాడు పదునుకోసం సముద్రం దాటాలా?

వాణ్ణి వెంటబెట్టుకొని ఆత్మకూరు బస్సెక్కాను. అక్కడ నాకు తెలిసిన నాయీబ్రాహ్మణ పెద్దాయన ఒకరు ఉన్నారు. కత్తిని అందుకొని, బొటనవేలి మెత్తతో వాదరను అడ్డంగా తాకి చూసి, “ఇది కత్తి కాదు అయ్యోరూ, కత్తి బొమ్మ” అన్నారు. పెట్టె తెరిచి తన పాతకత్తి, సానరాయి, నల్లబడిన తోలుపట్టా తీశారు. దుకాణంలో వాటిని వాడడం మానేసి చాలా ఏళ్లయింది. ఒకరి కత్తి మరొకరికి తగిలితే ఎయిడ్స్, కామెర్ల వంటివి సోకుతాయన్న ఎరుక వచ్చాక, మనిషికొక కొత్త బ్లేడు పెట్టే కత్తులు వచ్చాయి. అది న్యాయమే, నేను కాదనను. ఒక్కడే వాడుకునే ఇంటికత్తికి ఆ భయం లేదు.

ఆయన మావాడికి నేర్పినది రెండే ముక్కలు. సానమీద వాదర ముందు నడవాలి, తోలుమీద వెన్ను ముందు నడవాలి. తిప్పేటప్పుడు కత్తి వెన్నుమీదే దొర్లాలి. గంటసేపు మావాడి చేత ఆ తిప్పడమే చేయించారు. ఇంతకంటె మంచి బోధనాపద్ధతి నేను శిక్షణ కళాశాలలో చూడలేదు.

ఇక నా నేరం చెప్పుకోవాలి. ఆయన కొడుకు ఒకప్పుడు నా శిష్యుడు. ఒకనాడు పద్యం అప్పజెప్పలేని మరొక పిల్లవాణ్ణి, “చదువు రాకపోతే పోయి గడ్డాలు గొరుక్కో” అని తిట్టాను. తిట్టు తగిలినవాడు నవ్వాడు. ఈ పిల్లవాడు తల దించుకున్నాడు. ఆ దించిన తల నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ కులస్థులను కించపరిచే మాటలు వాడరాదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. పంతులు నోటికి ఆ ఉత్తర్వు ముందే ఉండవలసింది. పెళ్లిలో మంగళవాద్యం వారిదే, మొన్నటిదాకా పల్లెలో వైద్యమూ మంత్రసానితనమూ వారివే. వారి పనిని తిట్టుగా వాడిన నోటితోనే ఇవాళ “నా మనుమడికి కాస్త నేర్పండి” అని అడిగాను. ఆయన ఒక్క మాట అనలేదు, స్టూలు జరిపి కూర్చోమన్నారు.

కనుక కొత్తగా కత్తి పట్టదలచిన అబ్బాయిలకు నా మాట ఇది. సింహం బొమ్మకు పెట్టే డబ్బు వాదరకు పెట్టండి. కత్తి కొనకముందే మీ ఊరి సెలూనులో తల నెరిసిన పెద్దాయన ఎవరున్నారో వెతకండి. వెళ్లి, “అయ్యా” అని పిలిచి, గురుదక్షిణ ముందుగా చేతిలో పెట్టి అడగండి. ఆ పెట్టెలు మూతపడ్డాక జొలింగెన్ కత్తి కొన్నా, దానికి వాదర తీసే చెయ్యి ఆత్మకూరులోనూ దొరకదు, మరెక్కడా దొరకదు.

మావాడి కత్తిబొమ్మ ఏమైందంటారా? మా ఇంట్లో ఉత్తరాల కవర్లు చింపడానికి ఉంచాను. ఆ పనీ అంతంతమాత్రమే.